జార్జియన్ ఇల్లు, లిస్టెడ్ ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండు పల్లెల్లో, చెట్ల బారు చివర, పచ్చిక బయలుకి ఎదురుగా నిలబడి ఉండే పెద్ద పెద్ద ఇళ్ల గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలివి. చూడటానికి వెళ్లేవాళ్లకీ, అలాంటి ఇల్లు కొనాలనుకునేవాళ్లకీ, అందులో పని చేయించేవాళ్లకీ పనికొచ్చేలా రాశాం. ఉదాహరణ కావలసిన చోట ఎక్కువగా బర్క్‌షైర్‌లోని బాసిల్డన్ పార్క్‌ని తీసుకున్నాం. యార్క్ నగరవాసి, వాస్తుశిల్పి జాన్ కార్ దాన్ని 1776–1783 మధ్య బాత్ రాయి అనే సున్నపురాయితో కట్టాడు. అది గ్రేడ్ వన్, అంటే రక్షణ జాబితాలో అన్నిటికన్నా పై మెట్టు కట్టడం. 1978 నుంచి పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది కాబట్టి టికెట్టు కొని లోపలంతా చూడొచ్చు.

జార్జియన్ అంటే సరిగ్గా ఏ కాలం?

1714లో మొదటి జార్జి గద్దెనెక్కిన నాటి నుంచి 1830లో నాలుగో జార్జి పోయేదాకా. వరసగా నలుగురు జార్జిలు ఏలిన ఆ 116 ఏళ్ల కట్టడాలకి ఆ పేరు. తర్వాత 1837 దాకా ఏలిన నాలుగో విలియం కాలాన్ని కూడా కొందరు ఇందులోనే కలుపుతారు.

అన్నేళ్లలో అంతా ఒకేలా ఉండదు మరి. 1760 వరకు ఇటలీ వాస్తుశిల్పి ఆండ్రియా పల్లాడియో (1508–1580) బాట నడిచింది: నిబ్బరమైన గోడలు, బరువైన కార్నిసులు (గోడ నెత్తిన ముందుకి పొడుచుకొచ్చే పట్టీలు), లావు చట్రాల కిటికీలు. 1760 తర్వాత వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ ప్రభావంతో గారపని పలచబడింది. కప్పు మీద సన్నని తీగలు, పూలదండలు, వలయాలు వచ్చాయి. 1800 అటూ ఇటూ రీజెన్సీ పోకడ మొదలై, గోడలకి నున్నటి గార పూత, ఇనుప కమ్మీల బాల్కనీలు, ముందుకి ఉబ్బిన గుండ్రటి గోడలు కనిపిస్తాయి. ఒకే ఇంట్లో ఈ మూడూ దొరకడం మామూలే. ప్రతి తరమూ కొత్త పోకడకి తగ్గట్టు ఒక గదో రెండు గదులో మార్చుకునేది.

"లిస్టెడ్" అంటే ఇల్లు ప్రభుత్వానిదైపోతుందా?

కాదు, యజమానిదే. చారిత్రక విలువ ఉందని ప్రభుత్వం ఆ కట్టడాన్ని జాబితాలో చేర్చింది కాబట్టి దాని స్వరూపాన్ని మార్చే ఏ పనికైనా ముందు అనుమతి కావాలి. ఇంగ్లండులో మూడు మెట్లున్నాయి. లిస్టెడ్ కట్టడాల్లో సుమారు 2.5 శాతం గ్రేడ్ వన్, 5.8 శాతం గ్రేడ్ టూ స్టార్, మిగతా 91.7 శాతం గ్రేడ్ టూ. పల్లెలోని చర్చి పాస్టరు ఇల్లు, కాస్త కలిగిన రైతు ఇల్లు లాంటివి ఎక్కువగా గ్రేడ్ టూలోకి వస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం మూడింటికీ రక్షణ ఒకటే. గ్రేడ్ టూ అంటే కాస్త చూసీచూడనట్టు పోతారని అనుకోవద్దు.

"బయట ముఖం మాత్రమే లిస్ట్ అయింది, లోపల మన ఇష్టం" అనే మాట చాలామంది నోట వింటాం. అది తప్పు. లోపలి మెట్లు, తలుపులు, పొయ్యి చట్రాలు, గారపని, నేల చెక్కలు అన్నీ అందులోకే వస్తాయి. ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచీ ఉన్న గుర్రపుశాల, ప్రహరీ, తోట గోడ లాంటివి కూడా సాధారణంగా దాని కిందకే వస్తాయి.

ముందు నుంచి చూస్తే అంత తూచినట్టు ఎందుకుంటుంది?

ఎందుకంటే గోడని ఒక స్తంభంలా విభజించారు. స్తంభానికి కింద పీఠం, నడుమ కాండం, పైన బరువు మోసే అడ్డపట్టీ ఉంటాయి కదా. ఇంటి ముఖానికీ అదే లెక్క. నేల అంతస్తుకి లోతైన గీతలు కోసిన మొరటు రాతి పని, అది పీఠం. దాని మీద ఎత్తైన ముఖ్య అంతస్తు. అన్నిటికన్నా పైన పొట్టి అంతస్తు, కార్నిసు, పిట్టగోడ. అందుకే కిటికీల ఎత్తు అంతస్తుని బట్టి మారుతుంది: కింద పొట్టిగా, ముఖ్య అంతస్తులో వెడల్పుకి దాదాపు రెండింతల ఎత్తుగా, పైన ఇంచుమించు చతురస్రంగా. వెడల్పు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే. ఆ ఒక్క నియమం వల్లే కన్నుకి తడబాటు ఉండదు.

వరుసలో మూడు, అయిదు, ఏడు, ఇలా బేసి సంఖ్యలో కంతలు పెడతారు, గుమ్మం సరిగ్గా నడుమకి రావాలి కాబట్టి. బాసిల్డన్‌లో నడిమి భాగం లోపలికి జరిగి ఉంటుంది. ముఖ్య అంతస్తు ఎత్తున నాలుగు అయానిక్ స్తంభాలు (తలలు చుట్టలు చుట్టుకున్నట్టుండేవి), వాటి వెనక నీడపట్టున ఒక వసారా. సందర్శకుడు కింది కమానుల్లోంచి లోపలికి వచ్చి, స్తంభాల వెనకున్న మెట్లెక్కి ఆ వసారాలో తేలతాడు. కింద ఇరుకు, చీకటి. పైన వెడల్పు, వెలుతురు. ఆ మార్పుని లెక్కవేసి కట్టారు.

కొలతల వెనక బంగారు నిష్పత్తి ఉందని తరచూ అంటారు. ఆ కాలపు మేస్త్రీలకి అంత అవసరం పడలేదు. చతురస్రం, రెండు చతురస్రాలు, ఒకటికి ఒకటిన్నర, ఇవి చాలు. తాడు మడిచి కొలుచుకునే లెక్కలే ఇవన్నీ.

లోపలి గదులకీ ఇదే లెక్కా?

ఇదే. నేలకి ఆనుకున్న చెక్కపట్టీ నుంచి కుర్చీ వీపు ఎత్తున గోడ చుట్టూ సాగే పట్టీ దాకా పీఠం; దాని పైన గోడ కాండం; కప్పు అంచున కార్నిసు. కుర్చీ ఎత్తు పట్టీని "అడ్డంగా ఉంది" అని పీకించేస్తే గది ఎత్తు ఒక్కసారిగా తేలిపోయినట్టవుతుంది. కారణం తెలియక తర్వాత దీపాలూ రంగులూ మారుస్తూ కూర్చుంటారు.

ఈ కొలతల కచ్చితత్వానికి బాసిల్డన్‌లోనే మంచి రుజువుంది. 20వ శతాబ్దం మొదటి సగంలో ఆ ఇంటి అమరికలు కొన్ని ఊడదీసి అమ్మేశారు. భోజనశాల గారపని, చెక్కపని కొంత న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటలుకి చేరింది. 1950లలో లార్డ్ ఇలిఫ్ దంపతులు ఇంటిని కొని, లింకన్‌షైర్‌లో కూల్చేస్తున్న పాంటన్ హాల్ నుంచి మహాగని తలుపులూ పొయ్యి చట్రాలూ తెచ్చుకున్నారు. ఆ ఇంట్లోనూ పని చేసింది జాన్ కారే కాబట్టి, తలుపులు ఈ గుమ్మాల్లో అచ్చంగా సరిపోయాయి.

పైకప్పు కింద నుంచి ఎందుకు కనిపించదు? దానివల్ల ఇబ్బందేమైనా ఉందా?

పల్లాడియో పద్ధతిలో కప్పు తల ఎత్తకూడదు. అందుకని వాలుకప్పుని పిట్టగోడ వెనక దాచారు. ఇల్లు లోతుగా ఉంటే రెండు వాలుకప్పులు పక్కపక్కన వేసి, నడుమ ఒక లోయ వదిలారు. పిట్టగోడ వెనకా, ఆ లోయలోనూ సీసపు రేకు పరిచిన కాలువలుంటాయి. ఇంటి అందమంతా ఎక్కడుందో ఇంటి జబ్బంతా అక్కడే పుడుతుంది: మామూలు చూరైతే కారిన నీళ్లు ఇంటి బయట పడతాయి, ఈ కాలువ కారితే నీళ్లు సరాసరి గోడలోకీ, గోడలో దూర్చిన దూలం కొసలోకీ దిగుతాయి. బయటికి ఏమీ కనబడదు. మరక కనబడేసరికి దూలం కొస మెత్తబడి ఉంటుంది.

కాలువ పాడయ్యే కారణాలు నాలుగైదే.

మొదటిది, ఆకులూ పావురాల గూళ్లూ నీళ్లు పోయే కంతని మూసేయడం. చివరి ఆకులు రాలాక ఒకసారి, వసంతంలో ఒకసారి తప్పకుండా తీయించాలి. ఇనుప పార వాడొద్దు, సీసం చిరుగుతుంది. చెక్కది కానీ ప్లాస్టిక్‌ది కానీ వాడాలి. మంచు తోడేటప్పుడూ అంతే.

రెండోది, సీసపు రేకుని మరీ పొడవుగా ఒకే ముక్కగా వేయడం. ఎండకి సాగి, చలికి ముడుచుకుని, ఏళ్ల తరబడి ఆ కదలిక వల్ల అడ్డంగా పగులుతుంది. పొట్టి ముక్కలుగా వేసి, ముక్కకీ ముక్కకీ మధ్య 50 మిల్లీమీటర్ల మెట్టు ఇవ్వాలి. 1.8 మిల్లీమీటర్ల పలచటి రేకు, అంటే కోడ్ ఫోర్, ఇలాంటి కాలువలకి చాలదు. ఎక్కువ చోట్ల 3.15 మిల్లీమీటర్ల కోడ్ సెవెన్, లేదా 3.55 మిల్లీమీటర్ల కోడ్ ఎయిట్ అడుగుతారు. పగిలిన రేకు మీద తారు పూయడం, అతుకు టేపు వేయడం ఒక శీతాకాలం గడవడానికి సరే; ఆ తర్వాత ఆ ముక్కని మార్చాలి. సీసపు పనివాడితో వెల్డింగ్ చేయిస్తే నిప్పు జాగ్రత్తలు రాతపూర్వకంగా అడగండి. పాత ఇళ్లు కొన్ని మరమ్మతుల మధ్యలోనే కాలిపోయాయి.

మూడోది, రేకు అడుగున పట్టే చెమ్మ. గాలి ఆడని చోట రేకు కింద తెల్లటి పొడి ఏర్పడి లోపలి నుంచి తినేస్తుంది. కింద చెక్కలకి గాలి సందు ఉంచాలి.

ఇక సీసం దొంగలు. పల్లె ఇళ్లకి ఇది నిజమైన బెడద. పెద్ద వాన తర్వాత ఎప్పుడూ లేని చోట నీళ్లు కారితే మొదట రేకు ఉందో లేదో చూడండి.

కొత్తగా కాలువ వేయిస్తుంటే, మామూలు కంతకి కాస్త పైన, గోడ అంచు కన్నా కింద, ఇంకో చిన్న గొట్టం బయటికి పెట్టించండి. కంత మూసుకుపోయిన రోజు ఆ గొట్టంలోంచి నీళ్లు దూకుతాయి. ఇంట్లోవాళ్లకి కబురు అందుతుంది.

కప్పులో గబ్బిలాలున్నాయి. పని ఆపాలా?

ఆపి అడగాలి. బ్రిటన్‌లో అన్ని జాతుల గబ్బిలాలకీ చట్టరక్షణ ఉంది. అవి లేని వేళ కూడా వాటి స్థావరాన్ని చెడగొట్టకూడదు. వేసవి నెలల్లో నిపుణుడితో సర్వే చేయించి, అవసరమైతే ప్రకృతి రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ నుంచి లైసెన్సు తీసుకుని పని మొదలెట్టాలి. సర్వే కాలం దాటితే ఏడాది ఆగాల్సి వస్తుంది కాబట్టి మంచె వేయించే తేదీ ఖాయం చేసే ముందే ఈ సంగతి చూసుకోండి.

గోడలు మొత్తం రాయేనా?

అరుదు. బయట చెక్కిన రాయి పలకల పొర, దాని వెనక ఇటుక కానీ మొరటు రాయి కానీ. పక్క గోడలకీ వెనక గోడకీ చవక ఇటుక వాడిన ఇళ్లు ఎన్నో. బాత్ రాయి గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడే సున్నపురాయి. భూమిలో పొరలు పడుకున్న దిశలోనే గోడలోనూ పేర్చాలి. పొరలు బయటికి చూసేలా నిలబెట్టిన రాయి పుస్తకంలో కాగితాల్లా ఊడుతుంది. మరమ్మతుకి కొత్త రాయి తెప్పిస్తే పేర్చే దిశ గుర్తు రాయించుకోండి.

ఇటుక ఇళ్లలో ఎక్కువగా ఫ్లెమిష్ కట్టు ఉంటుంది: ఒకే వరుసలో ఒక ఇటుక పొడవుగా, పక్కది తల మాత్రమే కనిపించేలా. కిటికీల నెత్తిన ఉండే కమాను ఇటుకలని ఒక్కొక్కటీ రుద్ది, కోణం కుదిర్చి, ఒకటి రెండు మిల్లీమీటర్ల సున్నపు సందుతో పేర్చారు. ఆ సందుల్ని "శుభ్రం చేసి దర్జలు నింపుతా" అనే మనిషిని మంచె ఎక్కనివ్వకండి.

గోడలో చెమ్మ. గోడలోకి రసాయన మందు ఎక్కిస్తే సరిపోతుందంటున్నారు, నిజమేనా?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన జవాబిదే. ఎక్కువ సందర్భాల్లో మందు అక్కర్లేదు. కింది నుంచి ఎగబాకే చెమ్మ అని తేల్చే ముందు వీటిని చూడాలి: కాలువలూ నీటి గొట్టాలూ కారుతున్నాయా, బయటి నేల మట్టం లోపలి నేల కన్నా కనీసం 150 మిల్లీమీటర్లు కిందికి ఉందా, లేక తరాల తరబడి పూలమట్టి పోసి గోడని పూడ్చేశారా, చెక్క నేల కింద గాలి కంతలు మూసుకుపోయాయా, ఎవరైనా గోడ అడుగున సిమెంటు పూత వేశారా.

ఆ ఆఖరిదే అసలు దొంగ. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు వచ్చిందే 1824లో. దానికి ముందు కట్టిన గోడంతా సున్నమే. తెలుగు నేల మీద పాత మిద్దెలని గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టినవాళ్లకి ఈ సూత్రం కొత్తకాదు: సున్నపు గోడ వానకి కొంచెం తడుస్తుంది, గాలికి ఆరిపోతుంది. దర్జలు, అంటే ఇటుకల సందుల్లో నింపిన సున్నం, ఇటుక కన్నా మెత్తగా ఉంటాయి కాబట్టి నీరూ ఉప్పూ దర్జల గుండా బయటికి వస్తాయి, అరిగేది కూడా దర్జలే. సిమెంటు నింపితే తిరగబడుతుంది. నీరు ఇటుక గుండా రావాల్సి వస్తుంది, చౌడు ఇటుక ముఖాన పేరుకుంటుంది, గడ్డకట్టే చలికి ఆ ముఖం పెచ్చులుగా ఊడుతుంది. పదేళ్లు పోయాక చూస్తే సిమెంటు గీతలు గూడులా నిలబడి, ఇటుకలు లోపలికి తినేసి ఉంటాయి.

బాగు చేసే వరుస ఇది. ముందు నీళ్లు రాకుండా చేయండి, నేల మట్టం దించండి. తర్వాత సిమెంటు దర్జలని ఉలితో, సుత్తితో, ఓపికగా తీయించండి. కోత యంత్రం పెడితే ఇటుక అంచులు పోతాయి, అవి మళ్లీ రావు. ఇటుక నుంచి రానంటున్న సిమెంటుని బలవంతంగా పీకకండి. కొన్నేళ్లాగితే దానంతటదే వదులవుతుంది. సందు వెడల్పుకి కనీసం రెండింతల లోతు, మొత్తమ్మీద 25 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఖాళీ చేయాలి. గోడని బాగా తడపాలి. ఒక పాలు నానబెట్టిన సున్నపు ముద్దకి మూడు పాళ్లు గరుకు ఇసుక. గాలి వాన ఎక్కువ తగిలే చోట సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో కలిసి గట్టిపడే రకం), బలాన్ని ఇటుక మెత్తదనం బట్టి ఎంచుకోవాలి. నింపాక ఇటుక అంచు మీదికి పొర్లనివ్వకండి. వేలు నొక్కితే గుర్తుపడి అంటుకోని దశలో గట్టి కుంచెతో కొడితే ఇసుక రవ్వ పైకి తేలి, ఆరడానికి దారి తెరుచుకుంటుంది. వారం పాటు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. 5 డిగ్రీల కన్నా చల్లబడే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. నవంబరు నుంచి మార్చి దాకా వద్దన్నది మామూలు కట్టుబాటు. తొందరపడి చలిలో చేసిన దర్జ వసంతానికి పొడి పొడిగా రాలుతుంది, నింద మాత్రం సున్నం మీద పడుతుంది.

గోడ ఆరడానికి అంగుళానికి నెల అని పాత లెక్క. అడుగున్నర గోడకి ఏడాదిన్నర. అంతలోపు ప్లాస్టిక్ రంగు వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. సున్నపు వెల్ల వేయండి.

కిటికీ చూసి ఇంటి వయసు చెప్పొచ్చా?

కొంతవరకు. పైకీ కిందికీ జరిగే సాష్ కిటికీలో గాజుల మధ్య చెక్క పట్టీ ఎంత సన్నమైతే అంత తర్వాతి కాలం: 1720లలో అంగుళంన్నర దాకా లావు, 1800 నాటికి అందులో సగం కూడా ఉండదు. పైన ఆరు, కింద ఆరు గాజులు ఎక్కువగా కనిపించే అమరిక. చట్రం గోడ ముఖానికి సమంగా ఉంటే పాతది. లండన్‌లో 1709లో చట్రాన్ని నాలుగు అంగుళాలు లోపలికి జరపాలనీ, 1774లో చట్రపు పెట్టెని ఇటుక వెనక దాచాలనీ నిప్పు భయంతో చట్టాలు వచ్చాయి. పల్లెలకి ఆ చట్టం లేకపోయినా పోకడగా పాకింది, కాస్త ఆలస్యంగా. పై సాష్ అడుగున కొమ్ముల్లాంటి చెక్కడాలుంటే అది 19వ శతాబ్దం నడిమి తర్వాత మార్చిన కిటికీ. కొత్తగా చేయించే "జార్జియన్" కిటికీలకి కొమ్ములు పెట్టించడం ఎక్కడపడితే అక్కడ కనిపించే పొరపాటు.

గాజు కొద్దిగా అలలు అలలుగా, బయటి చెట్టు వంకర పోయినట్టు కనబడితే ఊది, తిప్పి చేసిన పాత గాజు. దాన్ని ప్రాణంలా చూసుకోండి.

సాష్ ఇరుక్కుపోయింది, తాడు తెగింది. బాగవుతుందా?

దాదాపు ఎప్పుడూ బాగవుతుంది. చట్రపు పెట్టెలో బావి గిలకలాంటి చిన్న గిలకల మీదుగా నూలు తాళ్లు, వాటికి ఇనుప గుళ్లు వేలాడుతుంటాయి. లోపలి అంచు పట్టీని మధ్య నుంచి వంచి ఊడదీయండి; కింది సాష్ చేతికొస్తుంది. రెండు సాష్‌ల మధ్యనున్న సన్న పట్టీ తీస్తే పైది వస్తుంది. చట్రం పక్కన అడుగున చిన్న చెక్క మూత ఉంటుంది, రంగు పొరల కింద దాగి ఉండొచ్చు. అది తెరిస్తే గుండు దొరుకుతుంది. చిన్న సీసపు ముక్కకి దారం కట్టి గిలక మీదుగా లోపలికి జారవిడిచి, ఆ దారంతో కొత్త తాడుని లాగుతారు. ఆ సీసపు ముక్కని పనివాళ్లు "ఎలుక" అంటారు. మైనం పట్టించిన నూలు తాడే వాడండి, నైలాను సాగుతుంది. సాష్ పూర్తిగా ఎత్తినప్పుడు గుండు పెట్టె అడుగుని తాకకుండా తాడు పొడవు చూసుకోవాలి. పై సాష్ గుళ్లు సాష్ కన్నా కాస్త బరువుగా ఉండాలి, అప్పుడది పైనే నిలుస్తుంది. కింది సాష్ గుళ్లు కాస్త తేలికగా ఉండాలి, అప్పుడది మూసుకుని ఉంటుంది. గుళ్లు తారుమారు చేస్తే రెండూ మొరాయిస్తాయి.

కుళ్లు సాధారణంగా కిటికీ అడుగు దిమ్మలోనూ, కింది సాష్ అడుగు పట్టీలోనూ ఉంటుంది. అంతవరకే కోసి కొత్త చెక్క అతికించండి. ఇరవై ఏళ్ల రంగు పొరలు గీకి, అవిసె నూనె పుట్టీ కొత్తగా పెడితే చాలా కిటికీలు వేలితో లేస్తాయి.

డబుల్ గ్లేజింగ్ పెట్టుకోనిస్తారా?

పాత గాజు, పాత సాష్ ఉన్నచోట సాధారణంగా ఒప్పుకోరు. సన్న పట్టీల్లో రెండు గాజుల మందం పట్టదు కూడా. లోపలి వైపు వేరే గాజు చట్రం పెట్టే పద్ధతికి అనుమతి తేలిగ్గా వస్తుంది, చప్పుడు కూడా బాగా తగ్గుతుంది. గోడలోకి ముడుచుకునే పాత చెక్క రెక్కలు చాలా ఇళ్లలో రంగుతో అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడిపించి రాత్రిపూట మూస్తే కిటికీ గుండా పోయే వేడి సగం దాకా తగ్గుతుంది. కొత్త ఖర్చు పెట్టే ముందు ఆ రెక్కలు చూసుకోండి.

మూసేసిన కిటికీలన్నీ కిటికీ పన్ను వల్లేనా?

కిటికీ పన్ను 1696 నుంచి 1851 దాకా నడిచింది, కొందరు దానికోసం మూశారన్నది నిజం. కానీ ఎదురుగా ఉన్న కిటికీకి జోడీ కావాలని మొదటి నుంచే ఉత్త గూడుగా కట్టినవీ బోలెడు. తేడా ఇటుకలో తెలుస్తుంది: గూట్లోని ఇటుకలు చుట్టూ గోడతో కలిసిపోయి ఉంటే కట్టినప్పటిదే, అంచున నిలువు గీత తిన్నగా ఉంటే తర్వాత పూడ్చారు.

గోడలోంచి గాల్లోకి పొడుచుకొచ్చినట్టున్న రాతి మెట్లు ఎలా నిలుస్తాయి?

ప్రతి మెట్టు ఒక కొస గోడలో కొద్ది అంగుళాలు దూరి ఉంటుంది. అదొక్కటే అయితే మెట్టు విరుగుతుంది. ప్రతిదీ కిందిదాని అంచు మీద కూడా ఆనుతుంది, గోడ దాన్ని మెలి తిరగనివ్వదు. అలా బరువు మెట్టు మీద మెట్టుగా నేలకి దిగుతుంది. అందుకని నడుమ ఒక్క మెట్టు తీయడం, గోడ వైపు తీగల కోసం గాడి కోయడం ప్రమాదం. కమ్మీల అడుగుని సీసం పోసి రాయిలో బిగించారు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే రాయి మూల పగులుతుంది. ఆ మరక కనిపించగానే చూపించాలి.

కప్పు గారలో పగుళ్లు. భయపడాలా?

సన్న పగులు మామూలు. వేలాడితే భయపడాలి. పాత కప్పు అంటే దూలాలకి కొట్టిన సన్నటి చీలిక బద్దలు, వాటి సందుల్లోకి దూరి మేకులా పట్టుకున్న సున్నపు గార, అందులో పశువుల వెంట్రుకలు, మూడు పూతలు. ఆ పట్టు విరిగితే గార ఊరికే వేలాడుతుంది. అరచేత్తో మెల్లగా నొక్కి చూడండి. కదిలితే కింద ఎవరూ కూర్చోకుండా చేసి ఆసరా పెట్టించండి. పై అంతస్తు నేల చెక్క తీసి, దుమ్ము పీల్చేసి, పైనుంచి మళ్లీ పట్టు కల్పించే పద్ధతులున్నాయి. అనుమతి లేకుండా కూలగొట్టి జిప్సం బోర్డు కొట్టడం నేరం కూడా అవుతుంది.

రంగు గీకితే ప్రమాదమా?

1960లకి ముందు రంగుల్లో సీసం ఉందనే అనుకోండి. పొడిగా రుద్దకండి, మంట పెట్టకండి. తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. కళ్లు చెదిరే తెలుపు 20వ శతాబ్దపు టైటానియం రంగు. ఈ ఇళ్లకి కాస్త మాసిన తెలుపే నప్పుతుంది.

ఏ పనికి అనుమతి కావాలి? ఎలా అడగాలి?

గోడ తీయడం, కిటికీలు మార్చడం, పొయ్యి చట్రం తీయడం, పైకప్పు పలకల రకం మార్చడం, రంగు లేని ఇటుకకి రంగు వేయడం, వీటన్నిటికీ కావాలి. ఉన్నదాన్ని అదే సరుకుతో, అదే పద్ధతిలో బాగుచేస్తే సాధారణంగా అక్కర్లేదు. అయినా స్థానిక కౌన్సిల్‌లో పాత కట్టడాల సంగతి చూసే కన్సర్వేషన్ ఆఫీసర్‌ని అడిగి జవాబు కాగితం మీద ఉంచుకోండి.

దరఖాస్తుకి రుసుము లేదు. కొలతలతో గీసిన బొమ్మలు, ఫొటోలు, ఇంటి విలువేమిటో ఈ పనివల్ల దానికేం జరుగుతుందో చెప్పే నివేదిక పెట్టాలి. నిర్ణయానికి గడువు సాధారణంగా 8 వారాలు. గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్ అయితే చారిత్రక కట్టడాల ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ అభిప్రాయం కూడా తీసుకుంటారు. కాదంటే 6 నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు. అనుమతి లేకుండా చేయడం 1990 చట్టం ప్రకారం నేరం: రెండేళ్ల దాకా జైలు, పరిమితి లేని జరిమానా. పాత యజమాని చేసిన తప్పుకి శిక్ష కొత్త యజమానికి పడదు కానీ, సరిచేయమనే నోటీసు మాత్రం ఇప్పుడున్న యజమానికే వస్తుంది. దానికి కాలపరిమితి లేదు.

ఈ ఇళ్లకి తెలుగు నేలతో ఏమైనా సంబంధముందా?

ఉంది. ఇండియాలో సంపాదించిన సొమ్ముతో లేచిన ఇళ్లు ఎన్నో. బాసిల్డన్ కట్టించిన ఫ్రాన్సిస్ సైక్స్ బెంగాల్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌హాల్ పార్క్‌ని థామస్ లెవర్టన్‌ చేత 1777 నుంచి కట్టించిన థామస్ రంబోల్డ్ 1778–80లో మద్రాసు గవర్నరు; అతడి మీద పార్లమెంటులో వచ్చిన ఆరోపణల్లో ఉత్తర సర్కారుల జమీందారుల వ్యవహారం కూడా ఉంది. గోడల మీద చిత్రాలు అతికించిన అతడి గది నేటికీ పేరున్నది. ఆ గదిని మెచ్చుకునేటప్పుడు శిస్తులు కట్టిన ఊళ్లనీ తలచుకోవాలి.

ఇటువైపు హైదరాబాదు కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ అదే పల్లాడియో వ్యాకరణంతో లేచింది. జేమ్స్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, 19వ శతాబ్దం మొదటి ఏళ్లలో, ఇంజనీరు శామ్యూల్ రసెల్ దాన్ని కట్టాడు. ఇంగ్లండులో రాయి చేసిన పనిని ఇక్కడ ఇటుకా సున్నపు గచ్చూ చేశాయి.

కొనే ముందు ఏం చూడాలి?

వాన కురుస్తుండగా ఒకసారి వెళ్లండి. నీటి గొట్టాల వెనక గోడ పచ్చబడిందా, కాలువల్లో నీరు నిలుస్తోందా చూడండి. పిట్టగోడ వెనకకి నిచ్చెన వేసి చూడని సర్వేయరు నివేదికకి డబ్బు పెట్టకండి. గోడలో దూరిన దూలం కొసల్లో చెమ్మ కొలిపించండి. 20 శాతం దాటితే కుళ్లుకి, డ్రై రాట్ అనే బూజుకి చోటిచ్చినట్టే. జాబితాలోని ఇంటి వివరణనీ, ఇప్పటిదాకా ఇచ్చిన అనుమతులనీ పక్కపక్కన పెట్టి, కాగితం లేని మార్పులేవో వకీలు చేత రాయించుకోండి. బీమాని ఇంటి ధర మీద తీసుకోవద్దు. రాయి, సున్నం, సీసం, చేతిపనితో తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు మీద తీసుకోండి. అది ఇంటి ధర కన్నా ఎక్కువ కావచ్చు.